వేడితో బతికే వాల్వుకు గాలి ఎందుకు?

గాజు బుడ్డిలోని తీగ ఎర్రగా కాలితేనే వాల్వు రేడియో పలుకుతుంది. స్విచ్ వేశాక కాసేపు ఆగాలనీ, వాల్వులు వేడెక్కాకే పాట వస్తుందనీ మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. మరి వేడి మీదే నడిచే యంత్రానికి ఫ్యాను పెట్టి చల్లబరచడం దేనికి? హామ్ రేడియో నడిపేవాళ్లు, అంటే సరదా కోసం సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు, అరవై ఏళ్ల నాటి సెట్ల నెత్తిన చిన్న ఫ్యాను పెట్టుకోవడం చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. వెంటనే రెండోది వస్తుంది. పెట్టేదేదో జోరుగా తిరిగేది పెట్టకుండా, తిరుగుతోందా లేదా అని తొంగి చూడాల్సినంత నెమ్మదైన ఫ్యాను ఏరి తెచ్చుకుంటారెందుకు? అంత మెల్లటి గాలికి ఏం చల్లబడుతుంది?

చల్లబడుతుంది, అనుకున్నదానికంటే బాగానే. ఎందుకో తెలియాలంటే ముందు వాల్వు లోపలికి, తర్వాత గాలిలోకి చూడాలి. ఊరికే సిద్ధాంతం చెప్పుకోకుండా ఒక నిజమైన సెట్టును ఎదురుగా పెట్టుకుందాం.

అమెరికాలోని ఐయోవా రాష్ట్రం, సెడార్ రాపిడ్స్ పట్టణంలో కాలిన్స్ రేడియో కంపెనీ ఉండేది. 1959లో ఆ కంపెనీ కేడబ్ల్యూఎం-2 అనే సెట్టును విడుదల చేసింది. మాట పంపడం, వినడం రెండూ ఒకే పెట్టెలో జరిగే ట్రాన్సీవర్ అది. పంపే భాగంలో చివరి అంచెన 6146 అనే వాల్వులు రెండుంటాయి. ఏంటెనాకు సుమారు 100 వాట్ల శక్తిని అందించేవి అవే. వాటి పైన చిల్లుల రేకు తప్ప కంపెనీ ఫ్యాను పెట్టలేదు. వేడెక్కిన గాలి తనంతట తానే పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది అన్నది రూపకర్తల లెక్క.

ఆ రోజుల వాడకానికి ఆ లెక్క సరిపోయింది. ఈ సెట్టు మనిషి మాట కోసం తయారైంది. మాట్లాడేటప్పుడు గొంతు లేచిన ప్రతిసారీ శక్తి ఎగుస్తుంది, మాటకూ మాటకూ మధ్య పడిపోతుంది. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ వాల్వులకు విశ్రాంతే. ఇప్పుడు వాడకం మారింది. 2017లో జో టేలర్, స్టీవెన్ ఫ్రాంక్ తెచ్చిన ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతిలో సెట్టు దాదాపు 13 సెకన్ల పాటు తగ్గూ హెచ్చూ లేకుండా శక్తిని పంపుతుంది, 15 సెకన్లు వింటుంది, మళ్లీ పంపుతుంది. ఇలా గంటల తరబడి సాగుతుంది. 1959 నాటి చిల్లుల మూత మీద ఇంత భారం పడుతుందని ఎవరూ ఊహించలేదు.

పనికొచ్చే వేడి, పనికిరాని వేడి

వాల్వులో రెండు రకాల వేడి ఉంటుంది. మొదటిది మనం కోరి పుట్టించేది. వాల్వు నడిమధ్యన కాథోడు అనే సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత. లోపలి తీగ ఆ గొట్టాన్ని 700-800 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే పూతలోంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. ఈ 'వేడి ఉద్గారం'నే ఇంజనీర్లు థర్మియానిక్ ఎమిషన్ అంటారు. 6146లో ఈ తీగ 6.3 వోల్టుల దగ్గర 1.25 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఒక్కో వాల్వుకు సుమారు 8 వాట్లు. ఈ వేడి ఉండి తీరాలి. బయట ఎంత గాలి విసిరినా దీనికొచ్చే నష్టం లేదు. గాజుకూ కాథోడుకూ మధ్య ఉన్నది శూన్యం, గాలి అక్కడికి చేరదు.

రెండో రకం వేడి, కాథోడు చుట్టూ ఉండే ప్లేటు అనే లోహపు రేకు మీద పుడుతుంది. కాథోడు నుంచి దూకిన ఎలక్ట్రాన్లను దాదాపు 800 వోల్టులు ప్లేటు వైపు లాగుతాయి. అవి వేగంగా వెళ్లి ప్లేటును గుద్దుకుంటాయి. ఇచ్చిన విద్యుత్తులో రేడియో తరంగంగా మారి ఏంటెనాకు వెళ్లింది పోను మిగిలినదంతా ఈ గుద్దుళ్లలో వేడైపోతుంది. సెట్టు నిలకడగా 160 వాట్లు తీసుకుని 100 వాట్లు బయటికి పంపుతుంటే మిగతా 60 వాట్లూ ఆ రెండు ప్లేట్ల మీదే. కాథోడు తీగలవి కూడా కలిపితే సుమారు 75 వాట్లు. అరచేతిలో పట్టేంత రెండు గాజు బుడ్లలోంచి ఇంత వేడి నిలకడగా బయటికి పోవాలి.

పోయే దారి ఒక్కటే. శూన్యంలో ఉష్ణ సంవహనం ఉండదు. కాళ్ల తీగల గుండా వహనంలో పోయేది కొంచెమే. మిగిలింది వికిరణం. అందుకే ప్లేట్లకు నల్లటి పూత వేస్తారు, నల్లటి ఉపరితలం వేడిని బాగా వెదజల్లుతుంది. ఆ పరారుణ కిరణాల్లో కొన్ని గాజును దాటిపోతాయి, చాలా భాగాన్ని గాజే పీల్చుకుంటుంది. అలా వేడెక్కిన గాజును చల్లబరచడమే గాలి పని. 6146 గాజు ఎంత వేడిగా ఉన్న చోటైనా 220 డిగ్రీలు దాటకూడదని దాన్ని తయారుచేసిన ఆర్‌సీఏ కంపెనీ హద్దు పెట్టింది.

హద్దు దాటిన వెంటనే ఏమీ పేలిపోదు. అసలు ప్రమాదం అదే, నష్టం కంటికి కనిపించకుండా జరుగుతుంది. గాజులోనూ లోహంలోనూ ఇరుక్కుని ఉన్న వాయువులు వేడికి మెల్లగా విడుదలవుతాయి, లోపలి శూన్యం చెడుతుంది. వాల్వు గాజు లోపల కనిపించే వెండిరంగు మచ్చ ఇలాంటి వాయువులను మింగడానికే ఉంది. దాని పేరు గెటర్. కానీ దాని ఆకలికీ ఒక అంతుంది. గాజులోంచి లోహపు కాళ్లు బయటికి వచ్చే అతుకుల దగ్గర సన్నటి బీట పడిందంటే ఇక ఆ వాల్వు పనికిరాదు. చుట్టుపక్కల భాగాలూ ఈ వేడిని భరించాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల సంగతి చూడండి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే అంచనా. దాన్నే తిరగేస్తే, పెట్టె లోపల 10 డిగ్రీలు తగ్గించగలిగితే వాటి ఆయుష్షు రెట్టింపు చేసినట్టే.

మన వైపు వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గదిలో 25 డిగ్రీలున్నా 42 ఉన్నా వాల్వు విడిచే వేడి మారదు. గది ఎన్ని డిగ్రీలు ఎక్కితే సెట్టు లోపల కూడా దాదాపు అన్ని డిగ్రీలు ఎక్కుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నడిచే సెట్టుకు ఐయోవా గదిలో ఉన్న వెసులుబాటు ఉండదు.

గాజును అంటుకున్న పొర

గాలి వేడిని సరిగా మోయలేదు. కదలకుండా నిలిచిన గాలి మంచి ఉష్ణ నిరోధకం, రగ్గులో వెచ్చదనం దానివల్లే. వేడి గాజును ఆనుకుని ఉన్న గాలి జిగురుగా దాన్ని పట్టుకుని ఒక పలచటి పొరగా నిలుస్తుంది. ఈ 'అంటుపొర'ను ఇంగ్లీషులో బౌండరీ లేయర్ అంటారు. గాజు వేడంతా ఈ పొరను దాటుకునే బయటికి రావాలి. పొర మందంగా ఉంటే వేడి లోపలే ఆగిపోతుంది.

కరెంటు పోయిన వేసవి రాత్రి తాటాకు విసనకర్ర చేతపట్టినవాళ్లకు ఇది ఒళ్లెరిగిన సంగతి. ఉక్కలో కదలకుండా కూర్చుంటే మన ఒంటి వేడే మన చుట్టూ దుప్పటిలా కప్పుకుంటుంది. విసనకర్ర ఒక్కసారి మెల్లగా ఊపగానే ఆ దుప్పటి తొలగి ప్రాణం లేచొస్తుంది. చెమట ఆరడం వల్ల కలిగే చల్లదనం వేరే లెక్క. ఒళ్లు పొడిగా ఉన్నా ఈ తేడా తెలుస్తుంది. ఇందులో గమనించాల్సింది ఆ మొదటి ఊపునే. గాలి అసలు లేకపోవడానికీ కాస్త ఉండడానికీ మధ్య ఉన్నంత తేడా, కాస్త ఉండడానికీ చాలా ఉండడానికీ మధ్య ఉండదు. చెయ్యి నొప్పెట్టేలా విసిరినా ఆ మొదటి ఊపంత సుఖం మళ్లీ రాదు. ఇంకొకటి, తాటాకు విసనకర్ర వెడల్పైనది. వేగంగా ఊపాల్సిన పనిలేదు, ఒక్క ఊపులో బోలెడు గాలిని కదిలిస్తుంది. దానికి చప్పుడూ ఉండదు.

వాల్వు విషయంలోనూ ఇంతే. గాజు మీదుగా పారే గాలి వేగాన్ని సగానికి తగ్గిస్తే చల్లబరిచే శక్తి సగం కాదు, దాదాపు 70 శాతం దగ్గర నిలుస్తుంది. నెమ్మదైన ఫ్యానుకు ప్రకృతి ఇచ్చిన మొదటి రాయితీ ఇది.

అసలు ఎంత గాలి కావాలి? లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.2 జౌళ్లు చాలు. పెట్టెలోంచి వచ్చే గాలి గదిలోకంటే 10 డిగ్రీలు వేడిగా ఉండొచ్చు అనుకుంటే ఒక్కో లీటరు 12 జౌళ్లు మోసుకుపోతుంది. మన 75 వాట్లంటే సెకనుకు 75 జౌళ్లు. కాబట్టి సెకనుకు ఆరు లీటర్లకు కాస్త పైన గాలి కదిలితే పని జరిగిపోతుంది. ఇది ఎంత తక్కువో చూడండి. మన ఇళ్లలోని 1200 మిల్లీమీటర్ల సీలింగు ఫ్యాను నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా, అంటే సెకనుకు మూడు వేల లీటర్లకు మించి గాలిని కదిలిస్తుంది. అందులో ఐదు వందల వంతు చాలు ఈ రెండు వాల్వులకు!

చప్పుడు లెక్క

హామ్ రేడియోలో చప్పుడు చిన్న విషయం కాదు. ప్రపంచం అవతలి అంచు నుంచి, హోరులో కలిసిపోయి, వినీ వినిపించకుండా వచ్చే గొంతును పట్టుకోవడమే అందులో ఆనందం. పక్కన ఫ్యాను గీపెడుతుంటే అది సాగదు. మాట్లాడేటప్పుడు ఆ రొదను మైకు కూడా పట్టి అవతలికి మోస్తుంది. గొంతు వినపడగానే తనంతట తానే పంపే దశకు మారే వాక్స్ అనే ఏర్పాటు చాలా సెట్లలో ఉంది. ఫ్యాను చప్పుడును గొంతనుకుని అదీ మోసపోతుంది.

ఫ్యాను చప్పుడులో పెద్ద వాటా మోటారుది కాదు, గాలిదే. రెక్కల అంచుల దగ్గర గాలి చీలి సుడులు తిరగడం వల్ల పుట్టే హోరు అది. ఈ హోరు వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది, తగ్గడమూ అలాగే తగ్గుతుంది. ఫ్యాను తిరిగే వేగాన్ని సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుందని ఫ్యాన్ల ఇంజనీర్ల సూత్రం. పది డెసిబెల్‌లు తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. ఇందాకటి చల్లదనం లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. వేగం సగం చేస్తే చల్లదనంలో పోయింది 30 శాతం, చప్పుడులో పోయింది సగానికంటే ఎక్కువ. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన బేరం ఇదే.

రెక్కల వెడల్పు ఇంకా పెద్ద లాభం. ఒకే పోలికగా ఉన్న రెండు ఫ్యాన్లలో కదిలే గాలి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 2000 చుట్లు తిరిగి కదిలించే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను 600 చుట్లతోనే కదిలిస్తుంది. కంప్యూటర్ల కోసం చేసిన 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బజారులో సులువుగా దొరుకుతాయి. అవి 12 వోల్టులవి. వాటికి 7 వోల్టులే ఇస్తే వేగం బాగా తగ్గి, గదిలో రాత్రిపూట కూడా వినపడవు. మన ఆరు లీటర్లకు అవి హాయిగా సరిపోతాయి.

మూత మీద ఎలా కూర్చోబెట్టాలి

ఫ్యానును వాల్వుల గూటికి సరిగ్గా పైన, గాలిని పైకి లాగేలా పెట్టడమే మంచిదని నా తీర్పు. కిందికి ఊదేలా పెడితే గాజుకు నేరుగా గాలి తగులుతుంది, నిజమే. కానీ ఆ వేడి గాలి పైకి పోవాలన్న సహజ గుణానికి ఎదురెళ్లి పెట్టె లోపల నలువైపులా పాకుతుంది. కాలిన్స్ సెట్టు ప్రాణం దాని ట్యూనింగు విభాగంలో ఉంది. తీగచుట్ట లోపల అయస్కాంతానికి లొంగే పదార్థంతో చేసిన ఒక కడ్డీ జరుగుతూ పౌనఃపున్యాన్ని మారుస్తుంది. దానికి వేడి తగిలితే పౌనఃపున్యం జారుతుంది. కొన్ని పదుల హెర్ట్జ్‌లు జారినా అవతలివారి గొంతు వింతగా మారిపోతుంది. పైకి లాగే ఫ్యాను వేడిని పుట్టిన చోటి నుంచే గదిలోకి తీసుకుపోతుంది, ట్యూనింగు విభాగం జోలికి పోదు.

ఫ్యానును రేకు మీద బోర్లా ఆనించి పెట్టొద్దు. చిల్లులకు మరీ దగ్గరగా రెక్కలు తిరిగితే గాలి నలిగి ఈల వేస్తుంది. వేలి మందం ఎత్తున రబ్బరు కాళ్ల మీద నిలబెడితే ఆ ఈల పోతుంది, మోటారు అదురు కూడా రేకులోకి దిగదు. అదురు దిగితే ట్యూనింగు విభాగం దాకా పాకి మాటలో గరగర తెస్తుంది. అయితే రబ్బరు కాళ్ల మధ్య ఖాళీలోంచి గదిలోని గాలి దొంగదారిన వచ్చేస్తుంది, కాబట్టి పక్కల చుట్టూ మెత్తటి స్పాంజి పట్టీ చుట్టాలి. ఇలా పడుకోబెట్టిన ఫ్యానులో ఇరుసు నిటారుగా ఉంటుంది, కింది నుంచి వేడి గాలి తగులుతుంటుంది. చవక రకం స్లీవ్ బేరింగులో నూనె ఇలాంటి చోట తొందరగా ఆరిపోతుంది. బాల్ బేరింగు గాని, ద్రవ బేరింగు గాని ఉన్నదే కొనాలి.

గాలి నిజంగా అనుకున్న దారిలో పోతోందా? అగరుబత్తి వెలిగించి సెట్టు పక్కనున్న సందుల దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగాలి. వంగకపోతే గాలి ఇంకెక్కడి నుంచో వస్తోంది, అక్కడ మూయాలి. మల్టీమీటరుతో వచ్చే ఉష్ణోగ్రత తీగను ఫ్యాను పైన, బయట పట్టుకుని, ఫ్యాను పెట్టకముందూ పెట్టాకా కొలిచి రాసుకోండి. కొలత లేకుండా చేసిన మార్పు ఎంత మేలు చేసిందో ఎవరూ చెప్పలేరు.

చెవికి వినపడని రొద

నిశ్శబ్దమైన ఫ్యాను కొనుక్కొచ్చి పెట్టాక రిసీవరులో కొత్తగా బుర్రుమనే శబ్దం మొదలైతే ఆశ్చర్యపోవద్దు. ఈ ఫ్యాన్లలో పాత మోటార్ల మాదిరి రాసుకునే బ్రష్షులు ఉండవు. ఒక చిన్న చిప్ అయస్కాంతం ఎక్కడుందో కనిపెట్టి తీగచుట్టల్లో కరెంటును అటూ ఇటూ మారుస్తుంటుంది. మార్చిన ప్రతిసారీ కరెంటులో ఒక పదునైన కుదుపు పుడుతుంది. ఆ కుదుపులు సరఫరా తీగల గుండా పాకి రేడియో తరంగాలుగా బయటపడతాయి. నాలుగు తీగల ఫ్యాన్లలో వేగాన్ని తగ్గించే పీడబ్ల్యూఎం పద్ధతి కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి తుంచి ఇస్తుంది. రేడియో పక్కన అది అసలే వద్దు. నిలకడగా తక్కువ వోల్టేజి ఇచ్చి వేగం తగ్గించుకోవడమే సరైన దారి.

ఆ వోల్టేజి ఎక్కడి నుంచి తేవాలి? సెట్టులోనే వాల్వుల తీగలకు వెళ్లే 6.3 వోల్టుల ఏసీ ఉంది. నాలుగు డయోడ్ల వంతెన, ఒక కెపాసిటరు పెడితే సుమారు 7.5 వోల్టుల డీసీ వస్తుంది. కొలిచి ఇచ్చినట్టు మనకు కావలసింది అదే. ఒక జాగ్రత్త ఉంది. ఆ 6.3 వోల్టుల తీగలో ఒక కొస సాధారణంగా చాసిస్‌కు, అంటే సెట్టు లోహపు చట్రానికి, కలిసి ఉంటుంది, కాబట్టి డయోడ్ల తర్వాతి మైనసును మళ్లీ చాసిస్‌కు కలపకూడదు. ఇదంతా ఎందుకనుకునేవాళ్లు బయట ఒక పాతకాలం బ్యాటరీ ఎలిమినేటరు పెట్టుకోవచ్చు. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదే కావాలి. ఫోను ఛార్జరు వద్దు, అది తానే ఒక రొదల పుట్ట. తక్కువ వోల్టేజికి కొన్ని ఫ్యాన్లు తిరుగుతాయి గాని నిలిచిన చోటి నుంచి కదలవు. ప్రతిసారీ తనంతట తాను మొదలవుతోందో లేదో ముందే పరీక్షించాలి. ఫ్యాను మొదట్లోనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, తీగకు రెండు మూడు చుట్లతో ఫెర్రైటు ఉంగరం వేస్తే మిగిలిన రొద చాలావరకు అణుగుతుంది.

ఈ పద్ధతి చెల్లని చోటు

వేగం తగ్గితే ఫ్యాను గాలిని నెట్టే ఒత్తిడి ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. చిల్లుల రేకు గుండా పోవడానికి ఒత్తిడి పెద్దగా అక్కర్లేదు కాబట్టి కాలిన్స్ సెట్టుకు ఇబ్బంది లేదు. పెద్ద ఆంప్లిఫయర్లలో వాడే 4సీఎక్స్250బీ లాంటి సిరామిక్ వాల్వుల సంగతి అలా కాదు. వాటి ప్లేటు బయటే ఉంటుంది, దాని చుట్టూ దగ్గర దగ్గరగా పేర్చిన లోహపు రెక్కల సందుల్లోంచి గాలిని బలవంతంగా తోయాలి. అక్కడ రొద చేసే బ్లోయరు తీసేసి కంప్యూటరు ఫ్యాను పెడితే వాల్వును చేతులారా చంపుకున్నట్టే.

హీత్‌కిట్ ఎస్‌బీ-220 ఆంప్లిఫయరు మధ్యరకం. అందులోని రెండు 3-500జడ్ వాల్వుల తీగలే ఒక్కోటి 70 వాట్లకు పైగా తింటాయి. మాట పంపకపోయినా, స్విచ్ వేసిన క్షణం నుంచీ గాలి ఆడాలి. దానికి కంపెనీ ఇచ్చిన ఫ్యానును శుభ్రం చేసి, నూనె వేసి నడుపుకోవడమే నా సలహా. అందులో రెండు వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. కాలిన్స్ సెట్టులోని 800 వోల్టులూ తక్కువేమీ కాదు. ఇలాంటి పెట్టెను ఎప్పుడూ తెరవనివాళ్లు తెలిసిన హామ్ పక్కన ఉండగానే తెరవాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ రంగంలో పనిచేస్తోంది. అలాంటి చోట అడిగితే అనుభవం ఉన్నవాళ్లు తారసపడతారు.

చివరిగా, ఇలాంటి పాత సెట్టు మీ చేతిలో ఉంటే ఫ్యాను కోసం దాని రేకుకు చిల్లు పెట్టకండి. రబ్బరు కాళ్ల మీద నిలిచే ఫ్యానును ఏ రోజైనా ఎత్తి పక్కన పెట్టొచ్చు. అరవై ఏళ్లు దాటిన ఆ మూతకు మారుది మాత్రం ఇక ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు.